దండలు ఎవరు వేయాలి?

పోలీసు అధిపతి పదవీ విరమణ మన దేశంలో ఒక చిన్న ఉత్సవం. ఉదయం కవాతు, గౌరవ వందనం. ఆ తరువాత ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. చివరకు పూలతో అలంకరించిన వాహనాన్ని తోటి అధికారులే తాళ్ళతో లాగి ద్వారం దాటిస్తారు. మూడు దశాబ్దాలకు పైగా ఖాకీ ధరించిన మనిషికి ఆ మాత్రం మర్యాద జరగడంలో తప్పు లేదు. ఊరంతా పండుగ చేసుకునే నాడు వీధిలో నిలబడవలసిన ఉద్యోగమది. అయితే ఆ దండలు వేసే చేతులు ఎవరివి అన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం.

ఈ వారం ఢిల్లీ విడిచి పుదుచ్చేరి పట్టణానికి వచ్చాను. భారతి పార్కు చుట్టూ ఒకసారి నడిస్తే చాలు, ఈ కేంద్రపాలిత ప్రాంతపు రాజకీయమంతా కంటికి కట్టినట్లు కనబడుతుంది. ఒక ప్రక్క లెఫ్టినెంట్ గవర్నరు నివాసం, మరొక ప్రక్క శాసనసభ. ఫ్రెంచివారు వదలిపోయిన ఎర్ర టోపీ ధరించిన కానిస్టేబులు ఈ ఇద్దరు యజమానులకూ వందనం చేయాలి. ఇక్కడ ఎన్నికైన మంత్రివర్గం ఉన్నది, అందులో హోంమంత్రి కూడా ఉన్నారు. కాని పోలీసు అధిపతిని పంపే ఉత్తర్వు మాత్రం ఢిల్లీలోని కేంద్ర హోంశాఖ నుంచి వస్తుంది. అరుణాచల్, గోవా, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి కేడరు నుంచి అధికారి వస్తారు, కొంతకాలం ఉంటారు, మరొక చోటికి వెళతారు.

తెలుగు పాఠకులకు ఇది పరాయి ఊరి సంగతి కాదు. కాకినాడ ప్రక్కనే ఉన్న యానాం పోలీసు స్టేషను ఈ అధిపతి అధికారంలోనిదే. 2012 జనవరి 27న యానాంలోని రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారం వద్ద పోలీసు చర్య నడుమ కార్మిక నాయకుడొకరు మరణించారు. ఆగ్రహించిన గుంపు దాడిలో కర్మాగారపు ఉన్నతాధికారి ఒకరు హతులయ్యారు. కర్మాగారం తగలబడింది. అటువంటి దినాన ప్రజలు తమ గోడు చెప్పుకోవలసిన పోలీసు అధిపతి కార్యాలయం వందలాది కిలోమీటర్ల దూరంలో, పుదుచ్చేరి పట్టణంలో ఉన్నది.

అదే యానాం మనకు మరొక పోలీసు ఉద్యోగిని కూడా ఇచ్చింది. దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచి పాలనలో పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. ఆ కొలువు పోయినా వెనుకాడక విమోచనోద్యమానికి నాయకత్వం వహించారు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ప్రభుత్వం మెచ్చిన సేవ వేరు, ప్రజలు గుర్తుంచుకునే సేవ వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ భేదాన్ని మన న్యాయస్థానాలు గుర్తించకపోలేదు. రిటైరైన పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న తీర్పు చెబుతూ, రాష్ట్ర పోలీసు అధిపతికి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలనీ, పోలీసులపై ఫిర్యాదులు వినే ప్రాధికార సంస్థలను నెలకొల్పాలనీ ఆదేశించింది. పాలకులకు ఇష్టం లేకపోయినా అధికారి నిలబడగలగాలన్నదే దాని ఆంతర్యం. కాని 2021 అక్టోబరులో రాకేశ్ అస్థానా నియామకాన్ని సమర్థిస్తూ ఢిల్లీ హైకోర్టు, ఆ నియామక నిబంధనలు రాష్ట్రాలకే గాని ఈ ఉమ్మడి కేడరు పరిధిలోని కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తించవన్నది. అంటే పుదుచ్చేరి అధిపతికి ఆ కవచం కూడా లేదన్నమాట.

ఇక పదవీ విరమణ తరువాతి సన్మానం సంగతి. అది శాలువాతో ఆగదు. 1972లో పోలీసు సర్వీసులో చేరిన కిరణ్ బేడీ 2015లో భారతీయ జనతా పార్టీలో చేరి, 2016లో ఇక్కడి లెఫ్టినెంట్ గవర్నరుగా వచ్చారు. 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి నారాయణస్వామి ఆమె నివాసం ముందే ధర్నాకు కూర్చున్నారు. మన రాష్ట్రాలలోనూ ఈ సంప్రదాయం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు అధిపతిగా ఉన్న గౌతమ్ సవాంగ్ 2022లో, తెలంగాణ పోలీసు అధిపతిగా రిటైరైన మహేందర్ రెడ్డి 2024లో తమ తమ రాష్ట్రాల పబ్లిక్ సర్వీసు కమిషన్లకు అధ్యక్షులయ్యారు. నియమించిన పార్టీలు వేరు, పద్ధతి ఒక్కటే. ఈ వ్యక్తుల నిజాయితీని నేను శంకించడం లేదు. రేపటి పదవి ఇవ్వగలవారి ఆజ్ఞను ఈనాడు కాదనడం ఎంత కష్టమో మాత్రమే మనవి చేస్తున్నాను.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి వీడాక ప్రభుత్వోద్యోగమేదీ స్వీకరించరాదని రాజ్యాంగం 148వ అధికరణంలో శాసించింది. లెక్కలు చూసేవారికి ఉన్న నిషేధం లాఠీ చేతిలో ఉన్నవారికి ఎందుకు ఉండరాదు? అనుభవజ్ఞుల సేవలు దేశానికి అక్కరలేదా అని కొందరు అడుగుతారు. అక్కరే. కాని కనీసం రెండేళ్ళ ఎడం పాటిస్తే ఆ అనుభవమేమీ ఆవిరైపోదు.

కనుక పుదుచ్చేరిలోగాని, హైదరాబాదులోగాని, విజయవాడలోగాని, పోలీసు అధిపతి రిటైరయ్యే ముందు ఒక నివేదిక శాసనసభ ముందుకు రావాలి. ఆయన హయాంలో లాకప్పులో ఎందరు మరణించారు, ఎన్ని ఫిర్యాదులు విచారణకు వచ్చాయి, ఎన్ని తేలాయి అన్నది అందులో ఉండాలి. యానాం సభ్యుడు కూడా లేచి ప్రశ్న వేయాలి. ఆ చర్చ ముగిసిన తరువాత అధికార, ప్రతిపక్షాలు రెండూ బల్లలు చరిస్తే, ఆ అధికారికి వేరే శాలువా అక్కరలేదు.