'వేడి చేసింది' అనుకుంట ఊకుంటే ఎట్ల తమ్మీ?

జనగామల అయినా, మానుకోటల అయినా, భూపాలపల్లిల అయినా, మూత్రం పోస్తుంటే మంటైతే మన మొగోళ్లు అనే మాట ఒక్కటే: "వేడి చేసింది." సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగుతరు. తగ్గకుంటే ఇంకో భయం పట్టుకుంటది: "సెగరోగమంటరేమో." గీ రెండు మాటల నడుమ అసలు రోగం దాసుకుంటది.

నేను గూడ ముప్పై ఆరేండ్లప్పుడు పది రోజులు గట్లనే ఊకున్న. ఆఖరికి చలిజ్వరమొచ్చి, ఒక్క చుక్క దిగక, పైపు ఏసి మూత్రం తీసిండ్రు. అది ప్రొస్టేట్ వాపు.

ప్రొస్టేట్ అంటే మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. ముసలితనంల అది పెరుగుడు వేరే ముచ్చట. వాపు 50 ఏండ్ల లోపోళ్లకు సుత వస్తది. అది క్యాన్సర్ కాదు. ప్రతిసారి సుఖరోగం గూడ కాదు.

గుర్తులు యాదికుంచుకోండ్రి: మాటిమాటికి పోవుడు, రాత్రి లేసి లేసి పోవుడు, మంట, ధార సన్నబడుడు. పొత్తికడుపుల, నడుముల, బీజాలకు మలద్వారానికి నడిమి జాగల నొప్పి. వీర్యం పడేటప్పుడు నొప్పి. వీటికి చలిజ్వరం తోడైనా, మూత్రం బందైనా తెల్లారేదాక ఆగొద్దు, 108కి ఫోన్ కొట్టాలె.

ఊర్లె సూది ఏయించుకుంటే జ్వరం దిగొచ్చు, రోగం దిగది. మూత్ర పరీక్ష చేయించాలె. క్రిములతోని వచ్చిన వాపుకు మందులు మామూలుగా 2 నుంచి 4 వారాలు వాడాలె. మూడో రోజు బాగైందని ఆపితే మళ్ల తిరగబెడ్తది. మూడు నెలలు దాటిన నొప్పిల మాత్రం చానమందికి క్రిమే దొరకది. గప్పుడు సొంతంగ యాంటీబయాటిక్ కొనుక్కొని మింగితే ఫాయిదా లేదు.

2016ల జిల్లాలైనయి. 2022ల మానుకోటకు, 2023ల జనగామ, భూపాలపల్లికి సర్కారు మెడికల్ కాలేజీలొచ్చినయి. బిల్డింగులొచ్చినంత మాత్రాన నోరు రాదు. ఓపీ లైన్ల పదిమంది ఇనంగ "మూత్రం కాడ నొప్పి" అని ఎవడు చెప్తడు? ఆడోళ్లకు 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతోని మంగళవారం ప్రత్యేక ఓపీ మొదలువెట్టిండ్రు. మంచి పని. గసొంటి తలుపే మొగోళ్లకూ ఒకటి తెరువాలె. వారానికి ఒక పూట, చాటుగ మాట్లాడే ఒక అర్ర, అంతే. గిది మనం అడగాల్సిన హక్కు.

గది వచ్చేదాక సిగ్గువడకుర్రి తమ్ముళ్లూ. ఇయ్యాల మీ నాయిననో, అన్ననో ఒక్కమాట అడుగుర్రి: "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?"