పెంటలో పెళ్లికి కాగితం ఏది?

గద్వాల, వనపర్తి ఫంక్షన్ హాళ్లలో పెళ్లయితే శుభలేఖ ఉంటది, ఫోటోలుంటయ్. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో, అప్పాపూర్, ఫర్హాబాద్ లాంటి చెంచు పెంటల్లో జరిగే పెళ్లికి పెద్దల మాటే సాక్ష్యం. ఆ మాటను ఆఫీసులు లెక్కచేయకపోతే ముందుగా నష్టపోయేది ఆడబిడ్డే.

"మన ఆచారానికి సర్కారు కాగితమెందుకు?" అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నరు. అడగాల్సిన ప్రశ్నే. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప 1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులోని సెక్షన్ 2(2) చెప్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నిర్బంధ వివాహ నమోదు చట్టం మాత్రం అన్ని పెళ్లిళ్లనూ నమోదు చేయమంటది. అంటే పెళ్లి మన పద్ధతిలోనే, రాత రిజిస్టర్‌లో. నమోదుకు పంతులు అక్కర్లేదు.

అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం, పెళ్లయినవాళ్లకు పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలె. రేపు భర్త పోయినా, వదిలేసినా, "నువ్వు భార్యవని రుజువేంది?" అంటే ఆమె ఏం చూపాలె?

అందుకే మన డిమాండ్ ఇది: మనం ఆఫీసుల చుట్టూ తిరుగుడు కాదు, రిజిస్టరే పెంటకు రావాలె. పెద్దల వేలిముద్రను సాక్ష్యంగా తీసుకోవాలె. పాత పెళ్లిళ్ల నమోదుకు మన్ననూర్ ఐటీడీఏ క్యాంపులు పెట్టాలె. సర్టిఫికెట్ ఆడబిడ్డ చేతికియ్యాలె.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు! ముందుగా మీ పెంటలోని జంటల పేర్లు రాసి గ్రామసభలో పెట్టండి.

జై ఆదివాసీ!