స్టీరింగు తేలికైంది, మరమ్మతు బరువైంది

పాతకాలపు విదేశీ కార్లను గురించి ముచ్చటపడి రాసేవారు తరచుగా ఒక మాట అంటూంటారు. ఆనాటి స్టీరింగుకు ఒక బరువుండేదనీ, రోడ్డు తీరు అరచేతికి తెలిసేదనీ, ఈ కరెంటు మోటారు స్టీరింగులు వచ్చిన తరువాత బొమ్మకారు తిప్పినట్టే ఉంటోందనీ వారి ఫిర్యాదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే మనం విచారించవలసినది పోయిన బరువును గురించి కాదు, పోతున్న మరమ్మతు విద్యను గురించి అని నా అభిప్రాయం.

ముందు బరువు సంగతి చూద్దాం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. 1912 నాటి బండి. చేయించమన్నది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. ఆయన 1911లోనే కన్నుమూయడంతో అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. వెనుక భాగంలో ప్రభువు కూర్చునే ఆసనాన్ని సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ఆ బండిని చూసినవారంతా ఆ ఆసనాన్నే చెప్పుకుంటారు. ముందు కూర్చున్న డ్రైవరుకు మాత్రం చక్రం తిప్పడానికి తన భుజాలే దిక్కు. 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు స్కాట్లాండు నుంచి తెప్పించిన ఆల్బియన్ బస్సుల సంగతీ అంతే. వెడల్పాటి స్టీరింగు చక్రం పెట్టడం ఒక్కటే డ్రైవరుకు చేసిన ఉపకారం. కనుక ఆ బరువును తలచుకొని మురిసిపోయేవారిలో ఎక్కువమంది వెనుక సీటులో కూర్చున్నవారేమోనని నాకు అనుమానం.

నిజానికి, తోవ చూపించడం మనిషిది, బలం మరొకరిది అన్న ఏర్పాటు మన ప్రాంతానికి కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. దానికి చెరకు తోలిన ఎడ్లబండిని ఒకసారి మనసులో నిలుపుకోండి. బండివాడు పగ్గం కొద్దిగా లాగుతాడు; బండిని మళ్ళించే బలమంతా ఎడ్లదే. పవర్ స్టీరింగు సూత్రం కూడా ఇదే. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లో దాన్ని పియర్స్ యారో కారులో అమర్చి చూపించాడు. జనం కొనుక్కోగలిగిన కారులోకి అది రావడానికి 1951 నాటి క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగవలసి వచ్చింది. ఆ పద్ధతిలో ఇంజను బెల్టుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది. చక్రం తిప్పినా తిప్పకపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను శక్తిని తింటూనే ఉంటుంది.

ఈ నూనె పద్ధతిలోనే సిత్రోయెన్ అనే ఫ్రెంచి సంస్థ ఒక విచిత్రం చేసింది. 1970 నాటి వారి ఎస్ఎం కారులో స్టీరింగు ఒక చివర నుంచి మరొక చివరకు రెండే చుట్లు. వేగం పెరిగినకొద్దీ చక్రం గట్టిపడుతుంది. ఆగి ఉన్న కారులోనైనా చేయి వదిలితే తనంతట తాను నడిమికి వస్తుంది. అంటే వేగాన్ని బట్టి బరువు మార్చడమనే తెలివి కంప్యూటరుతో పుట్టినది కాదు. ఆ కారు చేతికిచ్చే బరువు కూడా రోడ్డు నుంచి వచ్చినది కాదు, ఇంజనీరు కల్పించినదే. "పాతవన్నీ సహజం, కొత్తవన్నీ కృత్రిమం" అనేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

విద్యుత్తు స్టీరింగు మొదట విలాసవంతమైన బండిలో రాలేదు. 1988లో జపానులో సుజుకి సెర్వో అనే బుల్లి కారులో వచ్చింది. చిన్న ఇంజనుకు పంపు మోయడం భారం గనుక అవసరం అక్కడే ముందు పుట్టింది. తరువాత 1990లో హోండా ఎన్ఎస్ఎక్స్ వంటి పందెపు కారులోకి వెళ్ళింది. కాలక్రమాన మన మారుతి కార్లలోకీ వచ్చింది. దీని పని తీరు క్లిష్టమేమీ కాదు. స్టీరింగు కడ్డీలో మెలితిరిగే సన్నని ముక్క ఒకటి ఉంటుంది. మనం చక్రం తిప్పినప్పుడు అది ఎంత మెలిపడిందో సెన్సరు కొలుస్తుంది. కారు వేగాన్ని కూడా చూసుకొని కంప్యూటరు మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. తిప్పినప్పుడే కరెంటు ఖర్చు. మోటారు ఆగిపోయినా కడ్డీ తెగదు. స్టీరింగు బరువెక్కుతుంది, అంతే.

ఇంతవరకు అంతా మేలే. ఇక్కడి నుంచే నా అభ్యంతరం.

జాతీయ రహదారి మీద డిచ్‌పల్లి వంటి ఊళ్ళలో రోడ్డు పక్క షెడ్డు వేసుకున్న మెకానిక్కు నూనె పంపును విప్పగలడు. సీలు మారుస్తాడు, బెల్టు బిగిస్తాడు, కారుతున్న గొట్టం కనిపెడతాడు. అదే కరెంటు స్టీరింగు మొరాయించి దీపం వెలిగితే అతడు చేయగలిగింది స్వల్పం. లోపం చెప్పే కోడ్ చదవడానికి పరికరం కావాలి. చక్రం నడిమి స్థానాన్ని మళ్ళీ నేర్పడానికి సాఫ్ట్‌వేరు కావాలి. సెన్సరు విడిగా దొరకక, చిన్న లోపానికి మొత్తం కడ్డీనే మార్చవలసి రావడం సాధారణం. ఆ మెకానిక్కు తెలివితక్కువవాడు కాదు. పాఠం చెప్పకుండా పరీక్ష పెడితే ఎవరు మాత్రం నెగ్గగలరు?

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల సంస్థలకు 2,500 కోట్ల రూపాయలకు మించిన జరిమానా వేసింది. వ్యవహారం అప్పీళ్ళకు వెళ్ళింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచి, అందులో వాహనాలనూ చేర్చింది. మంచిదే, కాని పోర్టల్ ఒక్కటీ చాలదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటు వేసి మరీ, అధీకృత డీలరుకు దొరికే మరమ్మతు సమాచారం బయటి షెడ్డుకూ దొరకాలని చట్టం తెచ్చుకున్నారు. మనకు కావలసినది అటువంటి కట్టుబాటు.

భద్రత మాటేమిటని కొందరు అడుగుతారు. స్టీరింగు ప్రాణాలతో ముడిపడినది, తెలియనివాడు చేయి పెట్టకూడదనడం సబబే. కాని తెలియనివాడికి తెలియజేయడమే అందుకు మందు. సమాచారం దాచినంత మాత్రాన మరమ్మతు ఆగదు. అంచనా మీద, అరువు పరికరంతో జరుగుతుంది. అది మరింత ప్రమాదం.

నిజామాబాదు జిల్లా నుంచి గల్ఫు దేశాలకు డ్రైవర్లుగా వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. పవర్ స్టీరింగు ఎంత హాయో వారి భుజాలనడిగితే చెబుతాయి. ఆ హాయి వెనక్కి పోవాలని నేననను. డ్రైవరు చేతుల మీది బరువు దించడానికి ఇంజనీర్లకు దశాబ్దాలు పట్టింది. దించిన బరువును మెకానిక్కు పొట్ట మీదా, కారు కొనుక్కున్నవాడి జేబు మీదా పెట్టడం న్యాయం కాదు. ఎడ్లబండి ఇరుసు విరిగితే ఊరి వడ్రంగి బాగుచేసేవాడు. కారుకు వడ్రంగి అక్కరలేదు గాని, ఊళ్ళో బాగుచేసేవాడు ఒకడుండడం ఇప్పటికీ అవసరమే.