ఓడ విందుకి ఏ చీర?

"ఓడ ఎక్కుతున్నాం సరే, రాత్రి భోజనానికి ఏం కట్టుకోవాలండీ?"

ఈ ప్రశ్న ఈ ఏడాదిలో నన్ను కనీసం నలుగురు అడిగారు. ఒకప్పుడు విహార నౌక అంటే మనకి సినిమాల్లో చూడ్డమే. ఇప్పుడలా కాదు. 2022 జూన్‌లో మన విశాఖ నుంచే పుదుచ్చేరి, చెన్నైల వైపు ఓడ వెళ్ళింది. 2023 సెప్టెంబర్లో అక్కడ ఇలాంటి ఓడల కోసమే ఒక టెర్మినల్ కూడా ప్రారంభమైంది. సింగపూర్లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకుని, మూడు నాలుగు రాత్రులు ఓడలో తిప్పి పంపిస్తున్నారు. సంతోషమే. టిక్కెట్లు, పాస్‌పోర్టులు, వీసాలు అన్నీ పిల్లలే చూసుకుంటారు. అమ్మకి మిగిలేది ఈ ఒక్క బెంగే.

చిన్న విషయమని నవ్వేయకండి. ఈ బెంగతోనే మా వదిన ఒక రాత్రి విందుకి రాకుండా గదిలో కూర్చుండిపోయింది.

వదినంటే మా వారి అక్కగారు. అన్నయ్యగారు పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఆవిడ లేత రంగు నూలు చీరలు తప్ప కట్టలేదు. కట్టొద్దని ఎవరూ అనలేదు. కట్టమనీ ఎవరూ అనలేదు. సింగపూర్లో ఉన్న మేనకోడలు పట్టుబట్టి మా ముగ్గురికీ తనతోపాటు నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి టిక్కెట్లు తీసింది. పెనాంగ్, ఫుకెట్ వెళ్ళి తిరిగి సింగపూర్ రావడం. వాళ్ళు పంపిన కాగితంలో 'ఒక సాయంత్రం ఫార్మల్' అని ఉంది. అదేమిటని టిక్కెట్లు బుక్ చేసిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "గౌనుంటే బాగుంటుంది మేడమ్, చీరంటే మరీ పాతగా ఉంటుందేమో" అన్నాడు. ఆ అబ్బాయి ఓడ ఎక్కాడో లేదో నేనడగలేదు. అడగాల్సింది.

నేను మటుకు బజారుకెళ్ళి నాలుగువేల ఆరువందలు పోసి పాదాల దాకా ఉన్న గౌను కొన్నాను. ఊపిరి బిగబట్టి అది తొడుక్కుని విందుకి వెళ్ళాను. వదిన రాలేదు. "నాకాకలిగా లేదు, మీరెళ్ళి రండి" అంది.

భోజనాల హాల్లో ఏం చూశానంటారా? పక్క టేబుల్ దగ్గర ఒక మలయ్ కుటుంబం, ఆడవాళ్ళంతా వాళ్ళ బాజు కురుంగ్‌లలోనే ఉన్నారు. ఆ వెనక ఒక చైనీస్ బామ్మగారు సాదా పట్టు జాకెట్టూ నల్ల ప్యాంటూ వేసుకుని మనవలతో కూర్చున్నారు. ఇంకో పక్క తమిళులు, నిక్షేపంగా కంచిపట్టు చీరల్లో! అంతమందిలో ఇబ్బందిగా కదులుతున్నది నేనొక్కదాన్నే. కూర్చున్నంతసేపూ ఆ జిప్పు ఎక్కడ ఊడుతుందోనన్న భయమే. ఏం తిన్నానో కూడా గుర్తులేదు.

తిరిగొచ్చేసరికి వదిన మంచం మీద కూర్చుని కాకినాడ కాజా తింటోంది. "గౌను కాదు గదా వదినా, అక్కడ సగం మంది వాళ్ళ వాళ్ళ బట్టల్లోనే ఉన్నారు" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "గౌను సంగతి కాదమ్మా. ఆ దీపాల్లో, ఆ పట్టుచీరల మధ్య నేనెలా కూర్చోను? మనవాళ్ళెవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

అప్పుడు నాకు గాంధీగారి సంగతి గుర్తొచ్చింది. 1888లో ఆయన చదువు కోసం బొంబాయిలో ఓడెక్కారు. ఫోర్కూ చాకూ ఎలా పట్టుకోవాలో తెలీదు. ఏ పదార్థంలో మాంసం ఉందో అడగడానికి సిగ్గు. అందుకని భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళకుండా, వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళతో గదిలోనే గడిపేశానని ఆత్మకథలో రాసుకున్నారు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ సూటు దాచుకున్నారట. తీరా సెప్టెంబర్ ఆఖర్లో ఇంగ్లండులో దిగితే, తెల్లబట్టల్లో ఉన్నది ఆయనొక్కరే! మార్చుకుందామంటే పెట్టెలు తాళాలతో సహా ఏజెంటు చేతికి వెళ్ళిపోయాయి. అంతటి మనిషికే తప్పని సిగ్గు మనకి కలగడంలో వింతేం లేదు. కాకపోతే, ఆ సిగ్గుతో ఆకలి కడుపున పడుకోనక్కర్లేదు.

ఇంతకీ ఓడవాళ్ళు నిజంగా అడిగేదేమిటో చూద్దాం.

చాలా ఓడల్లో సాయంత్రాలు మూడు రకాలు. మామూలువి, కాస్త పద్ధతిగా తయారయ్యేవి, విందు రాత్రులు. మూడు నాలుగు రాత్రుల ప్రయాణమైతే విందు రాత్రి సాధారణంగా ఒకటే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. వారం రోజులైతే మామూలుగా రెండు. అందరి పద్ధతీ ఒకటి కాదు. నార్వీజియన్ కంపెనీ విందు దుస్తులు తప్పనిసరి కాదంటుంది. సెలబ్రిటీ వాళ్ళు 2015లో 'ఫార్మల్ నైట్' అన్న మాటే తీసేసి 'ఈవెనింగ్ షిక్' అని పెట్టారు. ఈ విషయంలో బాగా పట్టింపున్న కంపెనీ అని పేరుపడ్డ క్యూనార్డ్ కూడా, గాలా రాత్రులకి ఎవరి దేశపు విందు దుస్తుల్లో వాళ్ళు రావచ్చనే చెబుతుంది. అంటే మన చీర, మగవాళ్ళ షేర్వాణీ, బంద్‌గలా కోటు నిక్షేపంగా చెల్లుతాయి. ఆ గౌను డబ్బులు నాకు మిగిలేవి!

భోజనాల హాల్లో రాత్రిపూట వద్దనేవి ఏవయ్యా అంటే, ఈతబట్టలు, ఉత్త కాళ్ళు, మగవాళ్ళ చేతుల్లేని బనియన్లు. చాలాచోట్ల నిక్కర్లు కూడా కూడదు. ఇవేవీ మనం వేసుకునేవి కావు. విందు రాత్రి కూడా తయారయ్యే ఓపిక లేకపోతే బఫే ఉంటుంది, అక్కడికి మామూలు బట్టలతో వెళ్ళొచ్చు. ఏ రాత్రి ఏ రకమో రోజూ గదికొచ్చే కార్యక్రమాల కాగితంలోనో, ఫోన్‌లో ఓడవాళ్ళ యాప్‌లోనో ఉంటుంది. టిక్కెట్టు కొన్నరోజే కంపెనీ వాళ్ళ నియమాలు పిల్లల చేత చదివించుకోండి. మధ్యవాళ్ళ మాట నమ్మి నాలా బజారుకి పరుగెత్తకండి.

ఇక చీరల సంగతి. నాలుగు రాత్రులకి మూడు చీరలు చాలు. విందుకి ఒకటి, మిగతా సాయంత్రాలకి రెండు. ముడత పడనివీ, బరువు లేనివీ చూసుకోండి. ఎందుకంటే గదిలోకి ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళనివ్వరు. నిప్పు ప్రమాదమని ఓడల్లో దానిమీద నిషేధం. కొన్ని ఓడల్లో ఇస్త్రీ చేసుకునే గది వేరేగా ఉంటుంది, మిగతావాటిలో డబ్బిచ్చి చేయించుకోవాలి. అగరుబత్తులు, కొవ్వొత్తులు కూడా కుదరవు, ఇంటిదగ్గరే దణ్ణం పెట్టుకుని వెళ్ళండి. పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర ఇంట్లోనే ఉండనివ్వండి. దాని బరువూ ఎక్కువే, ఉప్పుగాలికి జరీ గురించిన దిగులూ ఎక్కువే. తేలిగ్గా ఉండే ఉప్పాడ జాందానీ ఉందనుకోండి, సముద్రం ఒడ్డున పుట్టిన చీరే కదా, ఓడకి అంతకన్నానా! లేదంటే సన్నజరీ మంగళగిరి, పోచంపల్లి సిల్కు కూడా చక్కగా అమరుతాయి. చీర అలవాటు లేని అమ్మాయిలకి మంచి చుడీదారూ దుపట్టా చాలు.

డెక్కు మీద గాలి విపరీతంగా వీస్తుంది. పమిట కుచ్చిళ్ళు పెట్టి భుజం దగ్గర గట్టిగా పిన్ను చేసుకోండి. హాల్లోకెళితే ఏసీ చలి, ఒక పల్చటి శాలువా దగ్గరుంచుకోండి. చీర అంచు నేలని తాకకుండా, మామూలు కన్నా అర అంగుళం ఎత్తుగా కట్టుకోండి. మెట్లు చాలా ఎక్కిదిగాలి, కొన్ని గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి, ఒక్కోసారి కాళ్ళకింద నేలే కదులుతుంది. కాబట్టి ఎత్తు మడమల చెప్పులొద్దు. ఇది అందం గురించి చెప్పే మాట కాదు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా ఓడ రాతికి తగిలినప్పుడు చాలామంది రాత్రి భోజనాల దగ్గరే ఉన్నారు. 32 మంది చనిపోయారు. అలాంటివి అరుదే. అయినా, అవసరమైతే పరుగెత్తగలిగేలా తయారవడం మంచిది. ఓడ బయల్దేరే వేళకి ప్రాణరక్షణ గురించి చెప్పే కార్యక్రమం ఉంటుంది. బట్టలు సర్దుకునే హడావుడిలో దాన్ని అశ్రద్ధ చేయకండి.

ఇంకొక్క మాట. రేవులో ఇచ్చేసిన పెట్టెలు గదికి రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. మొదటి సాయంత్రానికి కావల్సిన ఒక జత బట్టలు, మందులు చేతిసంచీలోనే పెట్టుకోండి. గాంధీగారి పెట్టెల సంగతి చెప్పాను కదా! నగలు తక్కువ తీసుకెళ్ళండి. గదిలో చిన్న లాకరుంటుంది గానీ, అక్కడ మీ నాంతాడు ఎన్ని కాసులో తూచేవాళ్ళెవరూ లేరు.

ఇవన్నీ వదినకి చెప్పాను. చెబుతుంటే నాకే తెలిసొచ్చింది. ఓడవాళ్ళు ఆవిణ్ణి రావద్దనలేదు. రంగు చూసి, బొట్టు చూసి, పక్కన మొగుడున్నాడో లేడో చూసి గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. ఆ నియమాలు మనం ఇంటి దగ్గర్నుంచి పెట్టెలో సర్దుకుని తీసుకెళ్ళినవి. ఈ ఆరేళ్ళలో మా ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళకి ఆవిడ వంటింటి వైపే ఉండిపోయిందో నేను లెక్కపెట్టలేదు. ఆవిడ తెచ్చుకున్న చీరలేమిటో ప్రయాణానికి ముందు ఒక్కసారైనా అడిగానా? అదీ లేదు. నా గౌను గొడవే నాకు సరిపోయింది.

ఆఖరి రాత్రి ఆవిడ వచ్చింది. కొత్త చీరేం కట్టలేదు. తెచ్చుకున్న మీగడ రంగు మంగళగిరి చీరే, సన్న జరీ అంచుది. నేనూ నా నేరేడు రంగు చీరలో ఉన్నాను. సర్వరబ్బాయి కుర్చీ జరిపి, శాకాహారమా అని అడిగి, ఆవిడకేం కావాలో రాసుకున్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. "ఇంతేనా!" అంది వదిన. ఐస్‌క్రీం రెండోసారి అడిగి తెప్పించుకుంది.

అందుకని ఓడెక్కబోయే ప్రతి అమ్మకీ, అత్తకీ, వదినకీ నా సమాధానం ఒకటే. మీకు ఏ చీరలో హాయిగా ఉంటుందో, ఏ చీరలో కడుపునిండా తినగలరో అదే కట్టుకోండి. రంగుది కట్టాలనుంటే కట్టండి, లేతది కావాలంటే లేతదే కట్టండి. అది మీ ఇష్టం మీద జరగాలి గానీ ఎవరో ఏదో అనుకుంటారని కాదు. పిల్లలకీ ఒక మాట. అమ్మకి టిక్కెట్టు తీయడంతో మీ పని అయిపోలేదు. పెట్టె సర్దేటప్పుడు పక్కన కూర్చుని, "ఏ చీర పెట్టుకున్నావమ్మా?" అని అడగండి. ఆవిడ చెప్పే జవాబులో చీర సంగతి ఒక్కటే ఉండదు. ఓపిగ్గా వినండి.