కొట్టుట, తట్టుట, తాకుట

ఒకనాటి సాయంకాలము మా యాటస్థలమున క్రికెట్టు జరుగుచుండగా పదవ తరగతి బాలుడొకడు బంతిని బలముగా కొట్టెను. ఆ బంతి గోడ ప్రక్కను నిలిచి చూచుచున్న ఆరవ తరగతి బాలుని నుదుట తగిలెను. గాయము స్వల్పమే. మేము దానిని కడిగి, మందు రాసి, బాలుని ఇంటికి పంపుచు అతని డైరీలో ఇంగ్లీషున నొక వాక్యము వ్రాసితిమి. ఫలానా తరగతి బాలుడు మీ పిల్లవానిని బంతితో "హిట్" చేసెనని దాని భావము. తొందరలో వ్రాసినదే గాని అందు వ్యాకరణదోష మేమియు లేదు. మరునాడు ప్రార్థన గంట కొట్టక మునుపే ఆ బాలుని తండ్రి గేటు వద్ద నిలిచియుండెను. ఇంగ్లీషు రాని యాయనకు పొరుగింటి కుర్రవాడు మా వాక్యమును తెనిగించి వినిపించెనట. "సారూ, పెద్ద పిలగాడు మా వాణ్ణి బంతితోని కొట్టిండని మీరే రాసిన్రు గదా. ఎందుకు కొట్టిండు?" అని యాయన యడిగెను. ప్రక్కనున్న బాలుడు తండ్రి చేయి పట్టి లాగుచు, "కొట్టలే నాయినా, బంతి తాకింది" అనుచుండెను. రాత్రియెల్ల వాడదే చెప్పెనట. అయ్యవార్లే డైరీలో వ్రాసిన తరువాత పిల్లవాని మాట నెవరు నమ్ముదురు?

పొరుగింటి కుర్రవాని యనువాదమున తప్పు లేదు. తప్పు మాది. తెలుగున జరిగిన సంగతిని, తెలుగున విన్న సంగతిని, ఇంగ్లీషున వ్రాయునప్పుడు అందలి ముఖ్యాంశమునే జారవిడిచితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు హేతువు అదియే.

ఇంగ్లీషున "హిట్" అను మాట మనుష్యుడు మనుష్యుని కొట్టినను చెల్లును, బంతి నుదుట తగిలినను చెల్లును, తుపాను తీరమును తాకినను చెల్లును. కొట్టినవానికి కొట్టవలెనను తలంపు ఉండెనా లేదా యని ఆ క్రియ అడుగదు. తెలుగున అట్లు కాదు. "రాముడు సోముని కొట్టెను" అన్నచో రాముని చేయియు రాముని మనస్సును రెండును అందున్నవని వినువాడు గ్రహించును. "సోమునికి రాయి తగిలెను" అన్నచో రాయియే కర్త; సోముడు "కి" ప్రత్యయముతో నిలిచి దెబ్బను పొందినవాడగును; విసరినవాడు వాక్యమునందే లేడు. ఓరుగల్లు ప్రాంతమున "తగిలెను" అనుటకు మారుగా "తాకింది" అందురు. "దెబ్బ తాకింది" అను పలుకుబడి యిచ్చటి ప్రతి యింటను విననగును. కాబట్టి ఇంగ్లీషు నుండి తెలుగునకు వచ్చువాడు ఇంగ్లీషు అడుగని ప్రశ్నకు జవాబు చెప్పియే తీరవలెను. తెలుగు నుండి ఇంగ్లీషునకు పోవువాడు తెలుగు చెప్పిన జవాబును దారిలో పారవేయకుండ మోసికొని పోవలెను. మేము పారవేసితిమి.

విద్యార్థుల అనువాదపు నోటుపుస్తకములను దిద్దునప్పుడు మాకు కనబడు దోషమును ఇట్టిదే. ఇంగ్లీషున హిట్, స్ట్రైక్, నాక్, బీట్ అని నాలుగు మాటలున్నచో తెలుగున నాలుగింటికిని "కొట్టు" అనియే వ్రాయుదురు. నిఘంటువు వారికి కొంతవరకు తోడుపడునుగాక. 1852లో వెలువడిన బ్రౌను దొర తెలుగు ఇంగ్లీషు నిఘంటువును తెరచి చూచినను "కొట్టు" అను మాట యెంత విశాలమైనదో తెలియగలదు. కొబ్బరికాయ కొట్టుదుము, చెట్టు కొట్టుదుము, గోడకు సున్నము కొట్టుదుము, చప్పట్లు కొట్టుదుము, కన్ను కొట్టుదుము. వాన కొట్టును, ఎండ కొట్టును, వాసన కొట్టును. గుండె కొట్టుకొనును. వరదలో దూలములు కొట్టుకొనిపోవును. ఇంత విశాలమైన మాటయే గనుక దానిని నమ్ముకొన్న బాలుడు చాల దూరము పోగలడు. పోయి దారి తప్పును. పిడికిటితో నైనచో గుద్దుట, అరచేతితో నైనచో చరచుట, మడచిన వ్రేళ్ళతో నెత్తిమీద నైనచో మొట్టుట, కాలితో నైనచో తన్నుట, కొమ్ములతో నైనచో కుమ్ముట, కఱ్ఱతో పలుమారు లైనచో బాదుట, రోకటితో నైనచో దంచుట, తన తల తానే యైనచో మొత్తుకొనుట. ఇవన్నియు మన బాలురు ఇంటివద్ద నెరిగిన మాటలే. కొన్నిటిని స్వయముగా అనుభవించియు నెరిగినవి. తరగతిలో కలము పట్టగానే వానిని మరచెదరు.

ఈ "కొట్టు" అనునది మరియొక పనియు చేయుచున్నది. పడు అను క్రియకు దీనిని చేర్చిన పడగొట్టు, పగులునకు చేర్చిన పగులగొట్టు, చెడునకు చేర్చిన చెడగొట్టు. ఇచ్చట నెవరి చేతను దెబ్బ లేదు. తానై జరుగు పనిని ఒకడు జరిపించెనని చెప్పుటయే దీని పని. పోవు అను క్రియకు చేర్చినచో పోగొట్టు. "పుస్తకము పోయినది సార్" అని చెప్పు బాలుడొకడు, "పోగొట్టుకొంటిని సార్" అని చెప్పు బాలుడొకడు. ఇంగ్లీషున నిద్దరికిని "లాస్ట్" అను క్రియయే చాలును. మాకు మాత్రము రెండవ బాలునియందు గౌరవము హెచ్చు. బడి ఎగగొట్టువారి ప్రస్తావన యిచ్చట అప్రస్తుతము.

ఇది తెలుగువారి వింత యలవాటు మాత్రమే కాదు. మా పూర్వ విద్యార్థులు కొందరు అమెరికా దేశమున నున్నారు. అచ్చట ఇంగ్లీషు తరువాత నెక్కువ మంది యిండ్లలో మాటలాడు భాష స్పానిషు. హైదరాబాదులో 1958లో స్థాపితమై నేడు ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయముగ నున్న సంస్థలోను ఆ భాష నేర్పుచున్నారు. కావున మన బాలురలో కొందరికి నేడో రేపో దానితో పని కలుగును. చేతిలోని గాజు పాత్ర జారి పగిలినచో స్పానిషువారు "నేను పగులగొట్టితిని" అని సాధారణముగ చెప్పరు. "సె మె రొంపియో" అందురు. పాత్ర తనంతట పగిలెను, అది నాకు సంభవించెను అని దాని భావము. మన "తగిలెను" అను వాక్యమున దెబ్బ పొందినవాడు "కి" ప్రత్యయముతో నిలిచినట్లే, పాత్ర జారిన వాడును అచ్చట "మె", అనగా "నాకు", అని నిలిచియున్నాడు. ఇంగ్లీషువాడు అదే సందర్భమున "ఐ బ్రోక్ ఇట్" అనుటకు వెనుదీయడు.

ఇది మాటల కూర్పు మాత్రమే యనుకొందుము గాని, జ్ఞాపకశక్తిని సైత మంటియున్నది. ఫౌసీ, బొరొడిట్‌స్కీ యను నిద్దరు విదుషీమణులు 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఇంగ్లీషువారికిని స్పానిషువారికిని కొన్ని చిన్న చిత్రములు చూపిరి. కావలెనని చేసిన పనులను ఉభయులు నొక్కరీతిగనే వర్ణించిరి, చేసిన వారిని నొక్కరీతిగనే గుర్తుంచుకొనిరి. పొరపాటున జరిగిన వానియందు మాత్రము కర్తను చెప్పుట యింగ్లీషువారిలో హెచ్చు. ఆ కర్త యెవరో గుర్తుంచుకొనుటయు వారిలోనే హెచ్చు. అంతకు మునుపు 1974లో లాఫ్టస్, పామర్ అను వారు అమెరికాలో విద్యార్థులకు కార్లు ఢీకొను చిత్రములు చూపి, కార్లు ఎంత వేగముతో పోవుచుండెనని యడిగిరి. ప్రశ్నలో క్రియ నొక్కదానినే మార్చుచు వచ్చిరి. "స్మాష్" అను మాట పెట్టి యడిగినప్పుడు సగటున గంటకు 40 మైళ్ళకు పైగా ననియు, "కాంటాక్ట్", అనగా తాకుట, అను మాట పెట్టినప్పుడు సుమారు 32 మైళ్ళనియు జవాబులు వచ్చెను. చిత్రములు అవే. మా డైరీ వాక్యమును చదివిన తండ్రికి ఆ రాత్రి యెట్టి చిత్రము కన్నులకు కట్టెనో మేమిప్పుడు ఊహింపగలము.

అట్లని మెత్తని మాటయే యెల్లప్పుడు నిజమైన మాట యని మా యభిప్రాయము కాదు. కావలెననియే తోసిన బాలుడు "చెయ్యి తగిలింది సార్" అని చెప్పుట మేమెరుగుదుము. బాలురనననేల? మా యుపాధ్యాయ వర్గమున పూర్వము వాడుకలో నుండిన మాటలను తలంచికొనుడు. "రెండు తగిలించితిని", "నాలుగు వడ్డించితిని". తగులు అను నిరపరాధియైన క్రియకు "ఇంచు" చేర్చి, బెత్తము తనంతట పోయి అంటుకొన్నట్లు చెప్పుకొనుట కాదా యిది? 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున శారీరక శిక్షను నిషేధించినది. ఆ చట్టము నెదుట తగిలించుటయు కొట్టుటయే. దెబ్బ విషయమున న్యాయశాస్త్రమును ఇదే భేదమును పాటించును. 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు, బుద్ధిపూర్వకముగ గాయపరచుటను వేరుగను, అజాగ్రత్తచే గాయము కలిగించుటను వేరుగను ఎంచినవి. సాక్షి తెలుగున "తాకింది" అనగా ఇంగ్లీషు కాగితమున "హిట్" అని పడినచో, ఆ కాగితము ముందు నిలుచువాని గతి యేమి? కొట్టినవానిని తాకించినవానిగా వ్రాసినచో దెబ్బ తిన్నవాని గతి యేమి?

ఇక తలుపుల సంగతి. మన మిషను బడిలో చదివినవారు మత్తయి సువార్త ఏడవ అధ్యాయమును, ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయమును తప్పక యెరుగుదురు. రెండు చోట్లను గ్రీకు మూలమున "క్రూఓ" అను నొక్క క్రియయే యున్నది. ఇంగ్లీషున "నాక్" అనిరి. తెలుగు పండితులు "కొట్టు" అని వ్రాయక "తట్టు" అని వ్రాసిరి. ఆ యొక్క మాటకై వారికి మేము కృతజ్ఞులము. తలుపు కొట్టువాడు అప్పు వసూలునకు వచ్చినవాడు కావచ్చును, పోలీసు జవాను కావచ్చును. దబదబ బాదువాడు ప్రాణభీతితో వచ్చినవాడో త్రాగి వచ్చినవాడో. తట్టువాడు తీయుదురను నమ్మకముతో, తీయకున్నను కోపగింపక, వాకిట నిలుచువాడు. భుజము తట్టుటయందును, పసిబిడ్డను నిద్రబుచ్చుచు వీపు తట్టుటయందును ఉన్న తట్టుటయే యది. స్పానిషు బైబిలున రెండు చోట్లను "యమార్" అను క్రియ యున్నది. దానికి మొదటి యర్థము పిలుచుట. వారు తలుపునొద్ద "పిలుతురు". ఇది చదివినప్పుడు మాకు మన పల్లెలే జ్ఞాపకమునకు వచ్చినవి. పరకాలలో గాని నర్సంపేటలో గాని పగటివేళ తలుపు తట్టువా డెవడు? తలుపు తెరచియే యుండును. వచ్చినవాడు అరుగు దగ్గర నిలిచి "వదినా, ఉన్నవా?" అని పిలుచును. తట్టుట పట్టణపు టలవాటు.

వాద్యముల విషయమునను ఒక మాట చెప్పక తప్పదు. స్పానిషున తాకుటకు "తొకార్" అందురు. తలుపు తాకుదురు, గంట తాకుదురు, గిటారు తాకుదురు, డోలును తాకుదురు; అన్నిటికి నొక్క మాట. మనము వీణ మీటుదుము, మృదంగము వాయింతుము, డప్పు మాత్రము కొట్టుదుము. తోలు రెంటిదియు తోలే, తాళము రెంటిదియు తాళమే. మృదంగ విద్వాంసునకు విద్యయును డప్పు కళాకారునకు దెబ్బయును మన క్రియలు పంచిపెట్టినవి. మా విద్యార్థులలో డప్పు నెరిగిన కుటుంబముల వారు పలువురు గలరు. "మేము కొట్టుడే అంటం సార్, అండ్ల సిగ్గేమున్నది" అని వారిలో నొకడు మాతో ననెను. వాని నోట ఆ మాట మిక్కిలి శోభించును, దానిని మేము దిద్దము. కాని యితరులు వ్యాసములందును, ఇంగ్లీషు "ప్లే" అను మాటను తెనిగించునప్పుడును, మృదంగమునకు వాయించుట యనియు డప్పునకు కొట్టుట యనియు వ్రాసినచో, ఆ భేదమునకు హేతువు చెప్పుడని మేమడుగుదుము. హేతువు చెప్పగలిగినవారు ఇంతవరకు మాకు కనబడలేదు.

ఇంగ్లీషు నుండి తెనిగించు బాలుర కొక సులభోపాయ మున్నది. దెబ్బయొక్క బలమును క్రియలోనే యిమిడ్చుటకు పెనగులాడవలదు. మనకు ధ్వన్యనుకరణములు కోకొల్లలు. టకటక తట్టెను, దభాలున పడెను, చెళ్ళున చరచెను, ఠంగున మ్రోగెను. ఇంగ్లీషువాడు క్రియను మార్చు చోట మనము చప్పుడును మార్చవచ్చును. స్పానిషువారు సాధనమునకు "ఆసొ" యను ప్రత్యయము చేర్చుదురు: మోచేతి పోటు "కొదాసొ", సుత్తి దెబ్బ "మర్తియాసొ", తలుపును దభాలున మూయుట "పొర్తాసొ". మన చెంపపెట్టు, గొడ్డలిపెట్టు, కత్తిపోటు, మొట్టికాయ వీనికి దగ్గర చుట్టములు. కాయలలో మొట్టికాయ యెట్లు చేరెనో బుద్ధిమంతులగు విద్యార్థులు విచారింతురుగాక.

డైరీ సంగతి చెప్పి విరమింతుము. ఆ యుదయమున పెద్ద బాలుని పిలిపించితిమి. వాడు చిన్నవానికి క్షమాపణ చెప్పెను. చిన్నవాడు "అరె, నువ్వేం జేసినవన్నా" అని సిగ్గుపడెను. మేము మా యింగ్లీషు వాక్యమును గీటు పెట్టి కొట్టివేసి, దాని క్రింద తెలుగున "ఆటలో బంతి నుదుట తగిలినది" అని వ్రాసి సంతకము కొరకు తండ్రికి చూపితిమి. ఆయన మెల్లగ కూడబలుకుకొని చదివి, ఒక మాట దగ్గర వ్రేలు పెట్టి, "తాకింది అని రాయున్రి సారూ, మా యింట్ల గట్లనే అంటం" అనెను. దానిని కూడ కొట్టివేసి, ఆయన చెప్పినట్లే వ్రాసితిమి.