ఇంజను చెడలేదు, పెట్రోలు చెడింది



ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. మన నెల్లూరు తీరంలో బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి. ఆ 61 రోజుల్లో ఇంజనులో ఏం జరుగుతుందో, దానికి మన వాళ్లు ఎంత కడతా ఉన్నారో చెప్పాలని ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే యానాది పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రెండేళ్ల కిందట మా కాలనీలో మూడు కుటుంబాలు కలిసి పాత అవుట్‌బోర్డు ఇంజను ఒకటి కొన్నాయి. నిషేధం అయిపోయిన రోజు తెల్లారుజామున బోటు నీళ్లలోకి దించి తాడు లాగితే ఇంజను అందుకుంది, నిమిషం ఆడింది, ఆగింది. మళ్లీ లాగితే మళ్లీ అంతే. చోక్ లాగి పట్టుకుంటే మాత్రం కాసేపు ఆడుతుంది. మెకానిక్ వచ్చి, "కార్బరేటర్ పోయింది, మార్చాల" అన్నాడు. ఎనిమిది వేలు. చేపలు కొనే ఆసామి దగ్గర అప్పు తెచ్చారు. అప్పిచ్చినాయనకే చేప ఇయ్యాల, ఆయన చెప్పిన రేటుకే ఇయ్యాల. ఆ ఎనిమిది వేలు సీజనంతా మింగేసింది.

దసరా సెలవులకు పోయినప్పుడు ఆ పాత కార్బరేటర్ ఇంట్లో మూలన పడుంది. ఐటీఐ చదివిన మా బావ పక్కన కూర్చోబెట్టుకుని మాచేత విప్పించాడు. లోపల విరిగింది లేదు, అరిగింది లేదు. అడుగు గిన్నెలో పాకం లాంటి జిగురు, ఇత్తడి జెట్ రంధ్రం మూసుకుపోయి ఉంది. అంతే.

మాకు సిగ్గేసింది. ఇంటర్‌లో బెర్నూలీ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నోళ్లం. సన్నటి గొంతులో గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది, దాంతో గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి వస్తుంది. కార్బరేటర్ అంటే ఇదే. పరీక్షలో రాశాం గానీ, నాయన ఇంజనులో గుర్తు పట్టలేకపోయాం.

మా మాట ఒకటే. కార్బరేటర్ శుభ్రం చేయడం ప్రతి కాలనీలో ఇద్దరికైనా రావాలి. ఆ ఇద్దరూ చదువుకున్న మన పిల్లలే కావాలి.

నిలవున్న పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. టూ స్ట్రోక్ ఇంజనైతే కలిపిన ఆయిలు కూడా అక్కడే మిగులుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పట్టుకుంటుంది. సముద్రం ఒడ్డున తేమకు కొదవా?

ఇంజను ఆగిపోతే ముందు విప్పొద్దు, చూడండి. డబ్బా మూతకున్న గాలి మర తెరిచారా? పైపు మధ్య రబ్బరు బల్బు నొక్కితే గట్టిపడుతోందా? ఫిల్టరులో చెత్త ఉందా? కొంచెం పెట్రోలు తెల్ల సీసాలో పోసి నిలబెడితే అడుగున నీళ్లు తేలుతున్నాయా? బల్బు నొక్కుతున్నంతసేపే ఆడితే పంపులోనో పైపులోనో తేడా. చోక్ మీదే ఆడితే జెట్‌లో అడ్డం. పెట్రోలు పొంగి కారితే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా కూర్చోవడం లేదు.

విప్పాల్సి వస్తే గాలి ఆడే నీడలో, కింద తెల్లగుడ్డ పరుచుకుని విప్పండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ఒక్కో ముక్క తీసే ముందు ఫోనులో ఫోటో తీసుకోండి. జెట్‌లో ఇనుప తీగ పెట్టొద్దు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. వల నైలాన్ పోగు చాలు. అది మన ఇంట్లో లేకపోవడమా!

అసలు విప్పే అవసరమే రాకుండా చేయొచ్చు. ఏప్రిల్ 14న ఇంజను కింది భాగాన్ని మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఆడించండి. పెట్రోలు పైపు పీకి, ఇంజను తనంతట తాను ఆగేదాకా ఆడనివ్వండి. తర్వాత గిన్నె అడుగు మర తీసి మిగిలింది ఒక డబ్బాలోకి దించేయండి. పది నిమిషాల పని, ఖర్చు లేదు.

"చదువుకుని కూడా గ్రీజు పూసుకోవాలా?" అని మా హాస్టల్లోనే అడిగారు. మేమూ ఉద్యోగాల కోసమే చదువుతున్నాం. కానీ ఉద్యోగం వచ్చేదాకా ఇంటి అప్పు ఆగదు కదా. ఇంకొకరు, "మనోళ్లలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లే, ఇంజను ఓనరుది, మనకెందుకు?" అన్నారు. నిజమే. కానీ ఏటి మొగ దగ్గర అల మధ్యలో ఇంజను ఆగితే బోటులో ఉండేది ఓనరు కాదు, మన నాయన. ఇంజను పని తెలిసిన మనిషి వాటా అడిగేటప్పుడు గొంతు వేరేగా ఉంటుంది.

మెకానిక్‌ల పొట్ట కొట్టమనడం లేదు. పిస్టన్, గేరు వాళ్ల పనే. జిగురు తుడవడానికి అప్పు చేయొద్దంటున్నాం.

ఈసారి నిషేధం మొదలయ్యే ముందు ఆదివారం మా కాలనీలో ఒక పూట నేర్పుతాం. ఇంగ్లీషు మాన్యువల్ మేము చదివి తెలుగులో చెప్తాం, విప్పేది పెద్దోళ్ల చేతులు. మీ కాలనీలోనూ పెట్టండి. నెల్లూరు ఐటీడీఏకు, మత్స్యశాఖకు అర్జీ కూడా పెడదాం. నిషేధ కాలంలో గిరిజన కాలనీలకే వచ్చి ఇంజను శిక్షణ ఇవ్వాలని, పనిముట్ల పెట్టె ఒకటి ఇవ్వాలని అడుగుదాం. అడగడానికి ముందే మనం మొదలుపెట్టి ఉంటే, కాదనడం వాళ్లకూ కష్టం.

పోయినేడు జూన్ 15న మా ఇంజను రెండో లాగుడుకే అందుకుంది. చోక్ వదిలినా ఆగలేదు. నాయన వెనక్కి తిరిగి మా వైపు ఒకసారి చూసి, బోటు మొగ వైపు తిప్పాడు.

జై భీమ్. జోహార్.