ఊరి అప్పుకి కోర్టు, దేశం అప్పుకి పంచాయితీ

గ్రీసు ప్రస్తావన వస్తే చాలు, మన చదువుకున్నవాళ్ళు “అప్పు చేసి పప్పుకూడు తిన్నారు, అనుభవించనీ” అని తేల్చేస్తారు. ఈ నీతిబోధ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇదే నీతి అమెరికాలో ఒక ఊరికి ఎందుకు వర్తించలేదో ముందు చెప్పండి.

2013 జులైలో డెట్రాయిట్ నగరం దివాలా పిటిషన్ వేసింది. అప్పులూ బాధ్యతలూ కలిపి దాదాపు 1,800 కోట్ల డాలర్లు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా అప్పటికి 7 లక్షలకి పడిపోయింది. 2014 డిసెంబరుకల్లా దాదాపు 700 కోట్ల డాలర్ల బాకీ వదిలించుకుని నగరం దివాలా నుంచి బయటపడింది. ఈలోగా అక్కడి బ్యాంకులేవీ మూతపడలేదు. ఎందుకంటే డిపాజిట్లకి పూచీ నగరానిది కాదు, వాషింగ్టన్‌ది.

డెట్రాయిట్‌లాగే గ్రీసు కూడా సొంతంగా నోట్లు అచ్చువేసుకోలేదు. యూరో ఉమ్మడిదే, కానీ ఖజానా ఉమ్మడి కాదు. దివాలా కోర్టు అసలే లేదు. 2015 జూన్ చివర్లో బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకి 60 యూరోలే. జులై 5న 61 శాతం మంది అప్పులవాళ్ళ షరతులు వద్దని ఓటేశారు. వారం తిరిగేసరికి వాళ్ళ ప్రభుత్వం అంతకన్నా కఠినమైన షరతులకి తలూపింది.

“2012లో ప్రైవేటు బాండ్ల విలువ సగానికి పైగా కోశారు కదా?” అంటారు. కోశారు, సంక్షోభం మొదలైన రెండేళ్ళకి. తోటి యూరో దేశాలిచ్చిన అప్పుకి మాత్రం గడువు పెంచారు, వడ్డీ తగ్గించారు, అసలు ముట్టుకోలేదు.

కోర్టంటే దయ అని నేననను. డెట్రాయిట్‌లో ఎన్నికైన మేయర్ని పక్కనపెట్టి, గవర్నరు నియమించిన అధికారి పెత్తనం చేశాడు. రిటైరైన ఉద్యోగుల పెన్షన్లకి కోత పడింది. అయినా అక్కడ అప్పిచ్చినవాడూ జడ్జి ముందు నిలబడాల్సిందే, నష్టంలో వాటా మోయాల్సిందే. దేశాల పంచాయితీలో అప్పిచ్చినవాడే వాది, వాడే పెద్దమనిషి.

ఆ పెద్దమనిషికి అవసరమైతే నీతి కూడా మారుతుంది. 1953లో లండన్‌లో పశ్చిమ జర్మనీ అప్పు దాదాపు సగం మాఫీ చేశారు. సంతకం పెట్టిన దేశాల్లో గ్రీసు కూడా ఉంది. అప్పుడు జర్మనీకి ఎవరూ పప్పుకూడు సామెత చెప్పలేదు.

దేశాలకీ దివాలా పద్ధతి ఉండాలని ఐఎంఎఫ్‌లోనే ఆన్ క్రూగర్ 2001లో ప్రతిపాదించారు. 2003లో అది మూలపడింది. అడ్డుపడ్డవాళ్ళలో ముందున్నది అమెరికా, అంటే తన ఊళ్ళకి ఆ వెసులుబాటు చట్టంలోనే రాసిపెట్టుకున్న దేశం!